ఓడెక్కిన కాయ: మామిడి పేరు నడిచిన రెండు దారులు

జూన్ వచ్చిందంటే చిత్తూరు ప్రాంతపు రోడ్ల మీద ట్రాక్టర్లన్నీ ఒకే సరుకుతో కదులుతాయి. బంగారుపాళ్యం మార్కెట్ యార్డులోనూ, దామలచెరువు మండీల్లోనూ, గుజ్జు ఫ్యాక్టరీలకు సరుకు చేరే ర్యాంపుల దగ్గరా గుట్టలు పోసి ఉండేది మామిడే. దాన్ని పిలిచే పేరు మాత్రం పిలిచేవారిని బట్టి మారుతుంది. తోట రైతుకు అది మామిడి. తమిళనాడులోని గుడియాత్తం వైపు నుంచి వచ్చిన వ్యాపారికి మాంగాయ్. కర్ణాటకలోని శ్రీనివాసపురం లారీ డ్రైవరుకు మావినకాయి. కొండకు వెళ్లి వచ్చి తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర పళ్ల బండి ముందు ఆగిన ఉత్తరాది యాత్రికుడికి ఆమ్. విదేశాలకు వెళ్లే డబ్బాల మీద మ్యాంగో.

పేర్లు అయిదైనా వేర్లు రెండే. ఒకటి ద్రావిడ భాషల్లోని ‘మా’. రెండోది సంస్కృతంలోని ‘ఆమ్ర’. ఈ రెండూ ఈ దేశం నుంచి వేర్వేరు దారుల్లో, వేర్వేరు వర్తకుల వెంట ప్రపంచం మీదికి వెళ్లాయి. ఆశ్చర్యం ఏమిటంటే, దారులు వేరైనా రెండు మాటలకూ పరాయి దేశాల్లో పట్టిన గతి ఒకటే. పండు తీపిని చెప్పవలసిన మాటలు అక్కడ ఊరగాయ పులుపుకు పేర్లయ్యాయి. అలా ఎందుకు జరిగిందో తెలిస్తే మన ఇళ్లలోని ఒక జాడీ పేరు కూడా కొత్తగా అర్థమవుతుంది.

ముందు ‘మా’ సంగతి. తమిళంలో ‘మా’ అంటే మామిడి చెట్టు. సంగం కాలపు కవిత్వంలోనే ఆ మాట ఉంది. కన్నడంలో అది ‘మావు’. మలయాళంలో చెట్టు ‘మావు’, కాయ ‘మాంగ’. తెలుగు కవులకు ‘మావి’ ప్రియమైన మాట. గున్నమావి, ఎలమావి, మావిచిగురు లేకుండా మన వసంత వర్ణన సాగదు. ‘మామిడి’లోనూ మొదటి అక్షరం ఆ ‘మా’యే. మిగిలిన ‘మిడి’ని కన్నడంతో పోల్చి చూడాలి. అక్కడ ‘మిడి’ అంటే లేత పిందె. మలెనాడులో ఊరగాయకు పేరుపడిన పిందె మామిడిని ‘అప్పెమిడి’ అంటారు. ఈ పోలిక సరైనదైతే మనం రోజూ పలికే ‘మామిడి’ మొదట పండుకూ చెట్టుకూ కాక పిందెకు పేరన్నమాట. తెలుగువాడి పులుపు మీది మక్కువ ఎరిగినవారికి ఇది నమ్మదగినదిగానే తోస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. చిత్తూరు నుంచి వేలూరు వెళ్లే దారిలో ఒక తమిళ బోర్డు మీద ‘మావు’ అని కనిపిస్తే అది మామిడి కాదు, పిండి. ఇడ్లీ మావు అంటే ఇడ్లీ పిండి. పలమనేరు దాటి కర్ణాటకలోకి వెళితే అదే ‘మావు’ మామిడి. మలయాళంలో రెండు అర్థాలూ ఒకే రూపంలో ఉన్నాయి. మావు అంటే మామిడి చెట్టు, మావు అంటే పిండి కూడా. తమిళంలో ఒంటి అక్షరంగా నిలిచే ‘మా’కు జంతువు, గుర్రం, ఒక భూమి కొలత అనే అర్థాలు కూడా ఉన్నాయి. తెలుగులో ‘మావి’ అంటే మామిడీ అవుతుంది, మనకు చెందినవీ అవుతాయి. ధ్వని ఒకటైనంత మాత్రాన మూలం ఒకటి కాదని సరిహద్దు ఊళ్లలోని పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

దక్షిణాది భాషలన్నీ ఒక విషయంలో పట్టుదలగా ఉంటాయి. పచ్చిదానికీ పండినదానికీ ఒకే పేరు పెట్టవు. తెలుగులో మామిడికాయ వేరు, మామిడిపండు వేరు. తమిళంలో మాంగాయ్ వేరు, మాంబళం వేరు. కన్నడంలో మావినకాయి, మావిన హణ్ణు. తమిళ మాటను విడదీస్తే ‘మా’కు ‘కాయ్’ చేరి మాంగాయ్ అయింది, ‘పళం’ చేరి మాంబళం అయింది. ఒకటి పప్పులోకో జాడీలోకో వెళుతుంది, రెండోది నేరుగా నోట్లోకి వెళుతుంది. వాడుక వేరు గనుక పేరూ వేరు.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక పోర్చుగీసువారికి మలబారు తీరం పరిచయమైంది. వారి చెవిన పడిన మాట ‘మాంగ’. దాన్ని వారు ‘మంగ’ అని రాసుకున్నారు. ఆ రోజుల్లోనే కాలికట్ చూసిన ఇటలీ యాత్రికుడు లుడోవికో ది వర్తెమా 1510లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథంలో ఒక విచిత్రమైన వివరం ఇచ్చాడు. పండు పేరు ‘అంబ’ అనీ, దాని చెట్టు పేరు ‘మంగ’ అనీ రాశాడు. ఆయన తికమక పడ్డాడని కొట్టివేయడం తేలిక. కానీ ఆ మాటలను మరోలా చదవవచ్చు. కాలికట్ రేవులో అరబ్బు, గుజరాతీ వర్తకులు ఒక పేరు పలికారు, మలయాళీలు మరో పేరు పలికారు. రెండూ విన్న పరదేశి చెట్టుకు ఒకటి, పండుకు ఒకటి పంచి పెట్టాడు. ద్రావిడ వేరూ సంస్కృత వేరూ ఒకే రేవులో ఒకే మనిషి చెవిన పడిన ఘట్టం అది.

గోవాలో వైద్యుడిగా ఉన్న గార్సియా ద ఓర్టా 1563లో అచ్చయిన తన ఔషధ గ్రంథంలో ఈ పండు గురించి వివరంగా రాశాడు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ చెట్టుకు శాస్త్రీయ నామం పెడుతూ ‘మాంగిఫెరా ఇండికా’ అన్నాడు. ఇండియాలో మంగను కాసే చెట్టు అని దాని భావం. ఒక దక్షిణాది వంటింటి మాట లాటిన్ తోక తగిలించుకొని ప్రపంచ వృక్షశాస్త్రంలోకి అలా ప్రవేశించింది. ఫ్రెంచి ‘మాంగ్’, జర్మన్ ‘మాంగో’, రష్యన్ ‘మాంగొ’ అన్నీ దాని బంధువులే.

ఇంగ్లండులో ఈ మాటకు జరిగింది ఇంకా ఆసక్తికరం. పోర్చుగీసుల నోటి నుంచి అందుకున్న ‘మ్యాంగో’ అక్కడికి పేరుగా చేరింది గాని పండుగా చేరలేదు. సముద్రాన్ని దాటే తెరచాప ఓడకు ఆరు నెలలు పట్టే కాలం. పండిన మామిడి ఆరు రోజులు ఆగదు. ఆగగలిగింది ఉప్పులో, వెనిగర్‌లో, మసాలాలో ఊరిన పచ్చికాయ. ఆంగ్లేయుడు మొదట రుచి చూసిన మ్యాంగో అదే. కనుక అతడికి మ్యాంగో అంటే ఒక పండు కాక ఒక రకం ఊరగాయ అయింది. కాయలు దొరకని దేశంలో వంటవాళ్లు పుచ్చకాయలనూ, దోసకాయలనూ, పీచ్ పండ్లనూ లోపల డొల్ల చేసి, మసాలా కూరి, వెనిగర్‌లో ఊరబెట్టి వాటినీ మ్యాంగోలనే పిలిచారు. 18వ శతాబ్దపు ఆంగ్ల వంట పుస్తకాల్లో ‘మ్యాంగో చేయడం’ అంటే అలా ఊరబెట్టడం. నామవాచకం క్రియ అయింది.

ఈ వాడుక వలసవెళ్లినవారితో అమెరికా చేరింది. అక్కడ లోపల కూరి ఊరబెట్టడానికి వీలుగా దొరికింది పెద్ద పచ్చి మిరప, మనం ఇప్పుడు క్యాప్సికం అంటున్నది. ఊరగాయ పేరు కాస్తా ఆ కూరగాయకే అంటుకుంది. ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియా వైపు పాతకాలపువాళ్లు ‘మ్యాంగో’ అంటే క్యాప్సికం అనే అర్థంలో వాడేవారు. మాంగాయ్ అనే మాట తన చెట్టునూ, కొమ్మనూ, పండునూ వదిలేసి మరో ఖండపు మిరపకాయ మీద వాలింది. ఇన్ని మలుపుల్లోనూ దానితో ఉన్నది ఊరబెట్టడం అనే పని ఒక్కటే.

రెండో వేరు ‘ఆమ్ర’ నడిచిన దారి వేరు. ఆమ్రను పులుపుకు పేరైన ‘ఆమ్ల’తో ముడిపెట్టే పండితులున్నారు. ప్రాకృతంలో అది ‘అంబ’ అయింది. అక్కడి నుంచి మరాఠీ ‘ఆంబా’, సింహళ ‘అంబ’, హిందీ, బెంగాలీల ‘ఆమ్’. గుజరాతీలో చెట్టు ‘ఆంబో’, కాయ ‘కేరీ’. హిందీ ‘ఆమ్’కు తోడుగా అరబ్బీ నుంచి మరో ‘ఆమ్’ వచ్చి పక్కన కూర్చుంది. దానికి అర్థం సామాన్యం, అందరిదీ అని. మొగలుల బహిరంగ దర్బారైన దివాన్-ఇ-ఆమ్‌లో ఉన్నది ఆ ‘ఆమ్’. మామిడి ఈ దేశంలో సామాన్యుడి పండే అయినా ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు.

పశ్చిమ తీరం నుంచి అరబ్బు వర్తకులు ఈ ‘అంబ’ను పట్టుకెళ్లారు. 14వ శతాబ్దంలో ఈ దేశంలో తిరిగిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా మామిడిని ‘అన్బ’ పేరుతోనే వర్ణించాడు. పండకముందే రాలిన కాయలను ఏరి, నిమ్మకాయల్లాగా ఉప్పు వేసి ఊరబెట్టి అన్నంలో నంజుకుంటారని, పచ్చి అల్లాన్నీ మిరియాల గెలలనూ కూడా అలాగే చేస్తారని రాశాడు. ఎర్ర మిరపకాయ అప్పటికి ఈ దేశానికి రాలేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడల్లో తరువాత వచ్చింది. అంటే మన ఆవకాయ ఎరుపు కంటే ఆయన రాత పాతది.

ఒమన్, యుఏఈ ప్రాంతాల్లో నేటికీ మామిడిని ‘హంబ’ అనడం ఉంది. తూర్పు ఆఫ్రికా తీరంలో స్వాహిలీ మాట ‘ఎంబె’. సోమాలీలో ‘అంబె’. హిందూ మహాసముద్రపు పడమటి అంచున ఉన్న ఈ రేవులన్నీ ఈ మాట విన్నది అరబ్బు, గుజరాతీ వర్తకుల నుంచి. పోర్చుగీసు ఓడ తెచ్చిన ‘మంగ’కు అక్కడ చోటు మిగల్లేదు. ఈజిప్టులో మాత్రం ‘మంగ’ రూపం నిలిచింది.

ఇరాక్‌లో ‘అంబ’కు పట్టిన గతి ఇంగ్లండులో ‘మ్యాంగో’ కథను గుర్తుకు తెస్తుంది. బాగ్దాదులో అంబ అంటే పండు కాదు. పచ్చి మామిడిని ఉప్పులో ఊరబెట్టి మెంతులు, పసుపు కలిపి చేసే చిక్కటి పచ్చడి. బొంబాయితో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదులు దీన్ని అక్కడ వ్యాపింపజేశారని చెబుతారు. ఆ కుటుంబాలు 20వ శతాబ్దపు మధ్యలో ఇజ్రాయెల్‌కు వలస వెళ్లినప్పుడు అంబ కూడా వెళ్లింది. అక్కడ వంకాయ వేపుడు, కోడిగుడ్డు పెట్టిన రొట్టెలో దాన్ని పోసుకుని తింటారు. మెంతి, పసుపు, పచ్చి మామిడి, ఉప్పు. ఆ పదార్థాల పట్టీ చదివిన తెలుగు ఇల్లాలికి వేరే పరిచయం అక్కర్లేదు.

రెండు వేర్లు, రెండు సముద్ర మార్గాలు, రెండు మతాల వర్తకులు, మధ్యలో రెండు శతాబ్దాల తేడా. అయినా చివర రెండు మాటలూ ఊరగాయ పేరుగా మారాయి. దీన్ని కాకతాళీయం అనడం కుదరదు. పేరు గాలిలో ప్రయాణం చేయదు, ఏదో ఒక సరుకుతో చేస్తుంది. మామిడి విషయంలో సముద్రం దాటగల సరుకు పచ్చికాయ ఒక్కటే. విమానాలూ, శీతల గోదాములూ లేని ప్రపంచంలో పండు మన దగ్గరే ఆగిపోయింది, కాయ ఓడెక్కింది. పేరు ఆ కాయ వెంట వెళ్లింది.

తూర్పు వైపు చూస్తే ఈ వాదానికి మరో ఆధారం దొరుకుతుంది. మలయా భాషలో మామిడికి ‘మంగ్గ’ అనే పేరుంది, అది మాంగాయ్ నుంచి వచ్చింది. ‘మెంపెలం’ అనే పాత పేరూ ఉంది, అది మాంబళం నుంచి వచ్చింది. తమిళులు వర్తకానికి మాత్రమే వెళ్లి ఆగక నివాసం ఏర్పరచుకున్న నేల అది. చెట్టు కూడా అక్కడ పెరుగుతుంది. కాబట్టి ఊరిన కాయ మీద ఆధారపడే అవసరం రాలేదు, కాయ పేరూ పండు పేరూ రెండూ నిలిచాయి.

చైనాకు కూడా ఈ మాటలు రెండుసార్లు వెళ్లాయి. మొదట బౌద్ధ గ్రంథాలతో ‘ఆమ్ర’ వెళ్లింది. అనువాదకులు దాన్ని చైనా లిపిలో ‘అన్‌లువో’ అని ధ్వనిని బట్టి రాసుకున్నారు. వైశాలి నగరంలో ఆమ్రపాలి బుద్ధుడికి సమర్పించిన తోట పేరు వారి గ్రంథాల్లో అలాగే ఉంది. ఇది పుస్తకంతో వెళ్లిన మాట, పుస్తకంలోనే ఉండిపోయింది. శతాబ్దాల తరువాత మలయా తీరం నుంచి సరుకుతో వెళ్లిన ‘మంగ్గ’ మాత్రం ‘మాంగ్‌గువో’గా జనం నోట నిలిచింది. అందులో ‘గువో’ అంటే పండు. ‘మాంగ్’ కోసం వారు ఎంచుకున్న అక్షరానికి సొంత అర్థం ధాన్యపు వెన్ను మీది ముల్లు. మామిడికీ దానికీ సంబంధం లేదు, ధ్వని కలిసిందంతే.

ధ్వని కలవడం గురించి ఒక హెచ్చరిక అవసరం, ఎందుకంటే మామిడి చుట్టూ ఇలాంటి తప్పుడు చుట్టరికాలు చాలా తిరుగుతున్నాయి. జపాను బొమ్మల కథలకు పేరైన ‘మంగ’ వేరే మాట. రెండు చైనా అక్షరాల కలయిక అది, రెండో అక్షరానికి చిత్రం అని అర్థం. పోర్చుగీసులో ‘మంగ’ అంటే మామిడి, చొక్కా చేయి కూడా. చేతికి సంబంధించిన లాటిన్ మాట నుంచి ఆ రెండోది పుట్టింది. స్పానిష్‌లో ‘మాంగో’ అంటే మామిడి, కత్తి పిడి కూడా. థాయి భాషలో మామిడి ‘మమువాంగ్’. అది వినగానే మన ‘మా’ అక్కడికి వెళ్లిందని సంబరపడేవారున్నారు. ఆ భాషలో చాలా పళ్ల పేర్లకు ముందు వచ్చే ‘మ’ అది, పండు అని చెప్పే ఉపసర్గ. మన భాష గొప్పది కావడానికి ఇలాంటి లెక్కలు కలపనక్కర్లేదు. నిజంగా వెళ్లినవే బోలెడు.

వెళ్లిన ఓడలు తిరిగి వచ్చేటప్పుడు కొత్త చెట్లు తెచ్చాయి. బ్రెజిల్ నుంచి పోర్చుగీసులు తెచ్చిన ఒక చెట్టుకు తెలుగువారు పెట్టిన పేరు జీడిమామిడి. కాయ చివర వేలాడే గింజలో చర్మాన్ని పొక్కించే నూనె ఉంది, మన నల్లజీడి గింజలాగా. దానికి ఆధారమైన కండ రసంతో మామిడిని తలపిస్తుంది. అందుకే జీడి, మామిడి రెండూ కలిపి పేరు కట్టారు. వృక్షశాస్త్రం ప్రకారం నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. మామిడి సొన మూతికి తగిలి పొక్కిన ప్రతి పల్లెటూరి పిల్లవాడికీ ఆ బంధుత్వం అనుభవమే. టెంకలోని పప్పును మామిడి జీడి అనడమూ మనకు అలవాటే. శాస్త్రం తరువాత తేల్చిన సంబంధాన్ని తెలుగు రైతు కంటితో, చర్మంతో చూసి పేరులో పెట్టాడు. ఈ వ్యాసంలోని పేర్లన్నిటిలో అత్యంత నిశితమైనది ఇదే.

తిరుపతి, చిత్తూరు వైపు ‘ఏకాంబరం’ అనే పేరు తరచుగా వినిపిస్తుంది. కంచి శివుడి పేరు అది. అంబరం అంటే వస్త్రం, ఆకాశం అని చదువుకున్నవారు ఈ పేరుకు ఒకే వస్త్రం కట్టినవాడని అర్థం చెబుతుంటారు. అసలు రూపం ‘ఏక ఆమ్రం’, ఒంటి మామిడి చెట్టు. ఆ చెట్టు కింద అమ్మవారు ఇసుక లింగాన్ని పూజించిందని స్థలపురాణం. భువనేశ్వర్‌కు కూడా ఏకామ్ర క్షేత్రమని పేరు. ‘మా’కు పుట్టిల్లయిన తమిళ నేల మీద ప్రసిద్ధమైన మామిడి చెట్టుకు ఆమ్ర పేరు నిలవడం, సంస్కృత వేరు నుంచి వచ్చిన ‘ఆమ్’ పలికే ఉత్తరాదికి మలబారు ‘మ్యాంగో’ ఇంగ్లీషు ద్వారా తిరిగి చేరడం, పేర్లకు సరిహద్దులు పట్టవనడానికి చాలినంత సాక్ష్యం.

చిత్తూరు మామిడికి గుండెకాయ అయిన తోతాపురి పేరు సంగతీ చూడాలి. కాయ కొన కొంచెం వంగి చిలుక ముక్కులా ఉంటుంది. హిందీ ‘తోతా’ అంటే చిలుక. తమిళులు దాన్ని ‘కిళిమూక్కు’ అన్నారు, చిలుక ముక్కని. కన్నడిగులు ‘గిణిమూతి’ అన్నారు, అదీ చిలుక మూతే. మూడు భాషలవారు వేర్వేరుగా అదే పక్షిని చూశారు. తెలుగులో మాత్రం చిలుక ఎగిరిపోయింది. ‘తోతాపరి’ని ‘తోతాపురి’ చేసి చివర ఒక ఊరి పేరును తలపించే తోక తగిలించాం. దాన్నే బెంగళూరా అనీ, కోస్తాలో కలెక్టరు కాయ అనీ అంటారు.

2025 జూన్‌లో ఈ కాయ రెండు రాష్ట్రాల మధ్య వివాదమైంది. స్థానిక రైతుల ధర పడిపోతోందని చిత్తూరు జిల్లా యంత్రాంగం పొరుగు రాష్ట్రాల తోతాపురి రాకను నిషేధించింది. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అభ్యంతరం చెబుతూ చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు. గిణిమూతి తోతాపురి ఫ్యాక్టరీలోకి రాకూడదన్న మాట అది. కృష్ణగిరి, కోలారు, చిత్తూరు ఒకే నేల, ఒకే కాయ పండే పట్టీ. ధర కుప్పకూలినప్పుడు దెబ్బ తినేది ఆ కాయను మూడు పేర్లతో పిలిచే ఒకే రైతు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు అందాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడు ప్రకటించవలసి వచ్చింది.

ఇక మన జాడీ. తెలుగు ఇళ్లలో మామిడి ముక్కలు ఉప్పులో ఊరవేసి, ఎండబెట్టి, మెంతిపొడి, కారం కలిపి పెట్టేది మాగాయ. మాగిన కాయ గనుక మాగాయ అని కొందరు చెబుతారు. ‘మా’కు ‘కాయ’ చేరి, కూరగాయలో, ఊరగాయలో లాగా కకారం గకారమై మాగాయ అయిందనే వివరణ దానికంటే బలమైనది. ఎందుకంటే తమిళ మాంగాయ్, మలయాళ మాంగ కూడా అదే కూర్పుతో పుట్టినవి. మాంగాయ్ ఇంగ్లండు చేరి ఊరగాయ పేరయింది. అంబ బాగ్దాదు చేరి ఊరగాయ పేరయింది. మాగాయ ఇల్లు కదలకుండానే ఊరగాయ పేరయింది. పచ్చి మామిడిని ఏడాది పొడవునా నిలవ ఉంచుకోవాలనే అవసరం ఓడకైనా ఇంటికైనా ఒకటే కదా.

మండీల్లో నేటికీ లెక్క కాయతోనే సాగుతుంది. కాయ ఎంత వచ్చింది, కాయ రేటెంత, కాయ ఎప్పుడు కోస్తారు అని అడుగుతారే గాని పండు మాట రాదు. ఫ్యాక్టరీ కొనేది కాయను, మాగబెట్టి గుజ్జు తీసేది తరువాత. తోతాపురి గుజ్జు డబ్బాలకెక్కాక పండిన మామిడి పెద్ద ఎత్తున సముద్రం దాటే సరుకైంది. హంబ అనే అరబ్బు దేశాలకూ, మ్యాంగో అనే ఐరోపాకూ చిత్తూరు నుంచి ఇప్పుడు వెళుతున్నది పండు రుచి. రైతుకు దక్కుతున్న ధర మాత్రం ఇంకా కాయదే.